నెత్తుటి క్రైమ్ థ్రిల్లర్: హాల్లో చూడాలా, ఇంట్లోనా?

నా ఓటు థియేటర్‌కే. ఇలాంటి సినిమాలో సగం భయం చెవుల్లోంచే వస్తుంది. కత్తి కనబడక ముందే తలుపు కిర్రుమంటుంది, వెనక స్పీకర్‌లో అడుగుల చప్పుడు దగ్గరవుతుంది. హనుమకొండలో సెకండ్ షోకి వెళ్లి చూడండి, అప్పటిదాకా ఈలలేసిన కుర్రాళ్లే గప్‌చుప్ అయిపోతారు. ఇంట్లో ఆ టెన్షన్ నిలవదు. హంతకుడెవరో తెలిసే క్షణంలోనే కుక్కర్ విజిల్ వేస్తుంది.

ఖర్చు మాత్రం ఓటీటీలోనే తక్కువ. కాజీపేట నుంచి నలుగురు రావాలంటే టికెట్లకు తోడు ఆటో, పాప్‌కార్న్ కూడా లెక్కేసుకోవాలి.

ఓటీటీకి ఇంకో బలం రిమోట్. గొంతు కోసే సీన్‌ను దాటేయొచ్చు. హాల్లో కళ్లు మూసుకున్నా శబ్దం ఆగదు. నెత్తురు చూస్తే తల తిరిగేవాళ్లకు, ఈమధ్యే ఇంట్లో చావు చూసినవాళ్లకు ఇల్లే మంచిది, ఇందులో నామోషీ ఏమీ లేదు.

పిల్లల విషయంలో నాకు నిజంగా బెంగ. 'ఏ' సర్టిఫికెట్ సినిమాకు 18 ఏళ్లలోపు వాళ్లను హాల్లోకి రానివ్వకూడదు. పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే 'యూఏ' సర్టిఫికెట్‌ను 2024 నుంచి 7+, 13+, 16+ ఏళ్లని మూడుగా విడగొట్టారు, కానీ అది పెద్దలకిచ్చే సూచనే, తీసుకెళ్లాలా వద్దా అన్నది మనమే తేల్చుకోవాలి. ఇంట్లో అయితే గేటు దగ్గర ఆపేవాళ్లే ఉండరు. యాప్‌లో పేరెంటల్ లాక్ ఉంటుంది, దానికి పిన్ పెట్టాకే ప్లే నొక్కండి.