గోడౌన్‌కి గ్యాస్ పెట్టిస్తున్నారా? మూడో రోజుకే షీటు ఎత్తనివ్వకండి

మన చుట్టుపక్కల మిల్లులకి గ్యాస్ పెట్టేది ఎవరో అందరికీ తెలుసు, పేరు రాయను. 400 బస్తాల బియ్యం, 20 టన్నుల లాటు. పురుగుని చంపే ఫాస్ఫిన్ గ్యాస్‌ని వదిలే మాత్రలు టన్నుకి 3 లెక్కన 60 ప్లేట్లలో పెట్టారు, అంతవరకూ సరే. శుక్రవారం బస్తాల మీద షీటు కప్పి సోమవారం పొద్దున్నే లాగేశారు. ప్లేట్లలో మాత్రలు కరిగి మిగిలిన పొడి ఇంకా లేతపచ్చగానే ఉంది, అంటే మందు పూర్తిగా విడవలేదు. అప్పుడే ఆపాల్సింది, ఆపకపోవడం నా తప్పే. పన్నెండో రోజుకి బస్తాల కుట్ల దగ్గర తెల్లటి నుసి, అందులో పాకుతున్న పెంకు పురుగులు.

ఫోన్ చేస్తే, "పురుగు మొండిదైపోయిందండీ, ఈసారి డబల్ వేద్దాం, డబ్బులు మళ్లీ కట్టాలి" అన్నాడు. ఏడు రోజులు ఎందుకు ఉంచలేదని అడిగితే, "ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం, మాకు నేర్పుతారా?" అని పెట్టేశాడు. మొండిదని తెలిసీ మూడు రోజులకే ఎత్తాడు! ఇప్పటికీ కడుపు మండిపోతోంది.

డబల్ వేస్తే పని జరగదు. ఫాస్ఫిన్‌కి తట్టుకునే పురుగు గ్యాస్‌ని తక్కువగా లోపలికి తీసుకుంటుంది. గాఢత మరీ పెరిగితే మత్తులోకి వెళ్లి, గాలి తగలగానే లేస్తుంది. గుడ్లు, ప్యూపాలు (పెద్ద పురుగుగా మారే ముందు దశ) ఊపిరి తీసేదే తక్కువ, మూడు రోజులకి చావవు. గుడ్డు పొదిగి పిల్ల పురుగు బయటికొచ్చేదాకా లోపల గ్యాస్ నిలవాలి. ఏడు రోజులు అందుకే. సగం పనికి బతికి బయటపడ్డవే మళ్లీ పిల్లల్ని పెడతాయి, తట్టుకునే గుణం గోడౌన్ అంతా పాకుతుంది. ఈ సంగతి కొత్తది కాదు, 1972-73లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేసిన సర్వేలోనే బయటపడింది.

గ్యాస్ కారిపోయేది ఎక్కువగా అంచుల దగ్గర. వీళ్లు ఇసుక సంచులు ఒకే వరస, అదీ ఎడం ఎడంగా పెట్టారు. రెండు వరసలు, ఒకదాని కొన మీద ఇంకోటి ఎక్కేలా ఉండాలి. షీట్ల అతుకు ఊరికే ఒకదాని మీద ఒకటి వేస్తే చాలదు, కలిపి చుట్టి క్లిప్పులు పెట్టాలి. చిల్లుల షీటు అసలు ఒప్పుకోకండి.

డబ్బు ఇచ్చేముందు ఏడో రోజున కూడా షీటు కింద గ్యాస్ ఉందో లేదో మీటరు పెట్టి చూపించమనండి. ఎత్తాక గాలిలో గ్యాస్ 0.3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.3 పాలు) లోపుకి దిగేదాకా కూలీల్ని లోపలికి పంపకండి. ప్లేట్లలో పొడి బూడిదరంగుకి తిరిగిందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి.