ఆనర్సా, మాస్టర్సా?

ఆస్ట్రేలియాలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మూడేళ్ల డిగ్రీ అయ్యాక ఆనర్స్ ఒక్క ఏడాదే, కానీ అందులో చాలా భాగం థీసిస్‌కే పోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక కూడా ఆసుపత్రిలో నర్సులు కాగితం మీదే ఎందుకు రాసుకుంటున్నారు? ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుని ఇంటర్వ్యూలు, సర్వేలు చేయాలి, గైడు చుట్టూ తిరగాలి. టెన్షన్ తప్పదు. ఫస్ట్ క్లాస్ వస్తే మాస్టర్స్ లేకుండానే పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. పరిశోధన మీద మనసుంటే నా ఓటు దీనికే.

కోర్స్‌వర్క్ మాస్టర్స్ మామూలుగా రెండేళ్లు. క్లాసులు, గ్రూప్ అసైన్‌మెంట్లు, బోలెడు ఫీజు. అయినా ఇక్కడ బీటెక్ చేసి వెళ్లేవాళ్లకు ఇదే నయం. చదువయ్యాక ఉద్యోగానికి ఇచ్చే 485 వీసాకు అక్కడ కనీసం రెండు విద్యా సంవత్సరాలు చదివి ఉండాలి. ఒక్క ఆనర్స్ ఏడాదితో అది కుదరదు.