కారు లేకుండా లువార్ లోయ: ఆరేళ్ల తిరుగుడు తరువాత

పారిస్‌లో ఉద్యోగం మొదలుపెట్టి ఆరేళ్లయినా నాకు కారు లేదు, ఫ్రెంచి లైసెన్సూ లేదు. ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి మన దేశపు లైసెన్సు ఏడాది వరకే చెల్లుతుంది. ఆ తరువాత మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాయాలి. ఆ పనిని వచ్చే ఏటికి వచ్చే ఏటికి నెడుతూనే, లువార్ నదీలోయలోని షాటోలను, అంటే పాత రాజులూ ప్రభువుల కోటలనూ భవనాలనూ, వాటిని అంటిపెట్టుకున్న చిన్న ఊళ్లను రైలులోనూ, బస్సులోనూ, అద్దె సైకిలు మీదా, చాలావరకు కాలినడకనా చూస్తూ వచ్చాను. షాటోల అందం గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక, ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఈ తిరిగే పద్ధతి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే.

ముందుగా ఒక మాట. షాటోను మనవాళ్లు కోట అనేస్తారు గాని, గోల్కొండనో కొండవీడునో మనసులో పెట్టుకుని వెళ్తే ఇక్కడ చాలాచోట్ల ఆశాభంగమే. షినోన్, లోష్ వంటివి నిజంగా కోటలు. షెనోన్సో, అజే-లె-రిడో వంటివి దివాణాలు. తెలంగాణవారికైతే గడీ అంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. ఈ తేడా కారు లేనివారికి అవసరమైనదే, ఎందుకంటే కోటలు గుట్ట మీద, ఊరికి ఆనుకుని ఉంటాయి. దివాణాలు వేటకూ విలాసానికీ కట్టినవి కాబట్టి తరచుగా ఊరికి దూరంగా, అడవి అంచునో ఏటి ఒడ్డునో ఉంటాయి.

మకాం తూర్ నగరంలోనే పెట్టుకోవాలన్నది నా మొదటి సలహా. పారిస్ మోంపర్నాస్ నుంచి వేగవంతమైన రైలు గంటా పది నిమిషాలకు అటూ ఇటూగా సాన్-పియేర్-దె-కోర్ చేరుస్తుంది. అక్కడి నుంచి తూర్ నడిబొడ్డుకు లోకల్ రైలులో ఐదు నిమిషాలు. మొదటి ఏడాది నేను రోజుకో ఊళ్లో గది తీసుకుని, పెట్టెను రాళ్లు పరిచిన వీధుల్లో ఈడ్చుకుంటూ తిరిగాను. తూర్ నుంచి రైలు మార్గాలు నాలుగు దిక్కులకూ వెళ్తాయి కనుక, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడమే సుఖమని ఆలస్యంగా తెలిసింది.

కారు లేనివారి కోసమే కట్టారా అనిపించే షాటో షెనోన్సో. తూర్ నుంచి అరగంటలోపే రైలు దిగుతాం. ప్లాట్‌ఫారం నుంచి ప్రవేశద్వారం కొద్ది నిమిషాల నడక. కారులో వచ్చినవారు పార్కింగు కోసం వెతుక్కుంటున్న వేళకు మనం చెట్ల బారుల మధ్య దారిలో సగం దూరం వెళ్లిపోయి ఉంటాం. రైలు వేళలు వెతికేటప్పుడు ఒక చిన్న చిక్కు ఉంది: ఊరి పేరు చివర, షాటో పేరులో లేని ఒక అక్షరం అదనంగా ఉంటుంది, పలకడంలో తేడా తెలియదు, రాయడంలోనే ఉంది. షేర్ నది మీద వంతెనలా సాగిన 60 మీటర్ల నడవాను అందరూ చూస్తారు. నాకు మాత్రం కింద ఉన్న వంటశాలలే ఇష్టం. నదిలో నిలబడిన లావుపాటి స్తంభాల లోపలే వాటిని కట్టారు. సరుకులు పడవలో తెచ్చి దింపుకునే రేవు అక్కడే ఉంది. ఆ కిటికీ దగ్గర నిలబడితే రాగి గిన్నెల వరుస ఒక పక్క, ఆకుపచ్చగా కదిలే నీళ్లు ఇంకో పక్క కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పై నడవా ఆసుపత్రి అయింది. 1940 తరువాత ఈ నదే జర్మన్ల ఆక్రమణకు సరిహద్దు రేఖ కావడంతో, అదే నడవా అవతలి తలుపు గుండా మనుషులు రహస్యంగా అవతలి గట్టుకు దాటారు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ రైలులోనే. అయితే ఇక్కడ రోజుకు ఆగే రైళ్లు కొన్నే కాబట్టి, తిరుగు రైలు వేళను లోపలికి వెళ్లకముందే రాసిపెట్టుకోవాలి.

లాంజే షాటో కూడా ఇంతే సులువు. స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల్లో ఎత్తే వంతెన ముందు నిలబడతాం. 1491లో బ్రిటనీ డచెస్ ఆన్‌కూ ఫ్రాన్సు రాజు ఎనిమిదవ చార్ల్స్‌కూ పెళ్లి జరిగిన చోటిది. ఆ పెళ్లిని మైనపు బొమ్మలతో చూపించిన గది నాకు పెద్దగా నచ్చలేదు గాని, పిల్లలతో వెళ్లేవారికి బాగుంటుంది. ఆంబ్వాజ్‌లో స్టేషన్ నదికి ఒక ఒడ్డున, షాటో ఇంకో ఒడ్డున ఉంటాయి. మధ్యలో లంక మీదుగా వంతెన దాటి ఇరవై నిమిషాలు నడవాలి. ఆ నడకలోనే షాటో మొత్తంగా కళ్లకు కడుతుంది. ఊళ్లోకి వెళ్లాక తల పైకెత్తినా గోడలే కనిపిస్తాయి. లియొనార్డో డావించీ 1519లో కన్నుమూసిన క్లో-లుసే భవనం అక్కడి నుంచి నడిచే దూరమే.

చిక్కంతా ఈ వరుస దాటాక మొదలవుతుంది. అజే-లె-రిడో, షినోన్ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి కనుక రెండింటినీ ఒకే రోజు చూడవచ్చని కాగితం మీద అనిపిస్తుంది. కాని అజేలో స్టేషన్‌కూ షాటోకూ దాదాపు రెండు కిలోమీటర్ల దూరం. పైగా ఈ మార్గంలో కొన్ని సర్వీసులు రైలు కాదు, బస్సు. పట్టికలో చిన్న బస్సు గుర్తు చూడకుండా ప్లాట్‌ఫారం మీద నిలబడితే, బస్సు స్టేషన్ బయటి నుంచి వెళ్లిపోతుంది. రోజుకొకటే పెట్టుకుంటే నయం. షినోన్‌కైతే పూర్తి రోజు ఇవ్వాలి. 1429లో జాన్ ఆఫ్ ఆర్క్ ఏడవ చార్ల్స్‌ను కలుసుకున్న కోట అది. ఊళ్లో నుంచి పైకి లిఫ్టు ఉంది, మోకాళ్లు బాగున్నవారు మాత్రం రాతి సందుల వెంట ఎక్కాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. దుకాణాలు మూసి ఉంటాయి, రైళ్లు తగ్గుతాయి, రెండు దాటాక భోజనం దొరకదు. శాకాహారులకు వేడి మేక జున్నుతో చేసిన సలాడే దిక్కు. అది కూడా పన్నెండుకూ రెండింటికీ మధ్యనే.

ఇక పల్లె బస్సులు. వీటికి నేను అయిష్టంగా సగం మార్కులు ఇస్తాను. బస్సు శుభ్రంగా ఉంటుంది, డ్రైవరు మర్యాదగా మాట్లాడతాడు. అయితే ఆ బస్సులు చాలావరకు బడిపిల్లల కోసం నడిచేవి, మనం వాటిలో అతిథులం. ఒక ఏప్రిల్‌లో ఒక ఊరి బస్టాపులో, గీతలు పడిన అద్దం వెనక పట్టికను వేలితో వెంబడిస్తూ సాయంత్రపు ఆఖరి బస్సు చూసుకున్నాను. పక్కనే బడి రోజుల్లో మాత్రమే అన్న గుర్తు ఉంది. బళ్లు తెరిచే ఉన్నాయి కదా అనుకున్నాను. ఫ్రాన్సులో వసంతపు సెలవులను మూడు మండలాలుగా విభజించి ఒకదాని తరువాత ఒకటిగా ఇస్తారనీ, పారిస్ ఒక మండలంలో, తూర్ ఇంకో మండలంలో ఉన్నాయనీ అప్పటికి నాకు తెలియదు. నలభై నిమిషాలు నిలబడ్డాక, కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన, పిల్లలకు సెలవులండీ, ఈ వారం బస్సు రాదు అని చెప్పాడు. రెండు పక్కలా పచ్చగా పూసిన ఆవచేల మధ్య, అంచు లేని తారురోడ్డు మీద ఏడు కిలోమీటర్లు నడిచి రైలు స్టేషన్ చేరాను. తప్పు నాదే, అప్పటి నుంచి రైలు టికెట్టు కన్నా ముందు బడి సెలవుల క్యాలెండరు చూస్తున్నాను.

బస్సు వదిలేసిన ఖాళీని సైకిలు పూరిస్తుంది. లువార్ వెంబడి గుర్తులతో వేసిన సైకిలు దారి వందల కిలోమీటర్లు సాగుతుంది, ఎక్కువభాగం చదును. తూర్ నుంచి విలాంద్రీకి షేర్ ఒడ్డున పదిహేడు కిలోమీటర్లు. మధ్యలో రెండుసార్లు ఆగినా రెండు గంటల్లోపే చేరాను. అక్కడి షాటో తోటలో తొమ్మిది చతురస్రాలలో కూరగాయలనే రంగుల వారీగా నాటారు. ఒక్కో చతురస్రానిది ఒక్కో ముగ్గు. క్యాబేజీని ఇంత గౌరవంగా చూసుకున్న చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. షాంబోర్ షాటోకు బ్లువా అనే ఊరి నుంచి సీజనులో ప్రత్యేక బస్సు ఉంటుంది; చలికాలంలో అది లేకపోతే మాత్రం మానుకోవడమే మేలు. ఒకరికొకరు ఎదురుపడకుండా ఎక్కి దిగగల జంట మెట్ల కోసం ఒకసారి వెళ్లి తీరాలి. అయితే 5,440 హెక్టార్ల ప్రాంగణంలో దారులు పొడుగైనవి కనుక, తిరుగు బస్సుకు అరగంట ముందే షాటో దగ్గరికి చేరుకోండి.

ఊసే అనే షాటో ఒక్కటి ఇప్పటికీ మిగిలిపోయింది. దగ్గరలో రైలు లేదు, షినోన్ నుంచి పధ్నాలుగు కిలోమీటర్ల దూరం. టాక్సీవాడు రానూపోనూ చెప్పిన ధర విని రెండుసార్లు వెనక్కి తిరిగాను. వచ్చే మే నెలలో, ఆదివారం కాని రోజు చూసుకుని, షినోన్‌లో సైకిలు అద్దెకు తీసుకుంటాను.