ఉప్పుపర్రలో ఒక నీటిచుక్క: చేతి రిఫ్రాక్టోమీటర్‌పై సమీక్ష

రొయ్యల రైతులకు మేత, మందులు అమ్మే ఆక్వా దుకాణాలలో జానెడు పొడవుండే ఒక లోహపు గొట్టం దొరుకుతుంది. దుకాణదారు దానిని సాలినోమీటర్ అంటాడు, పెట్టె మీద మాత్రం చేతి రిఫ్రాక్టోమీటర్ అని ఉంటుంది. వెల రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. చెరువు నీటిలో ఉప్పు ఎంతుందో చూసుకోవడానికి తయారైన ఈ పరికరాన్ని నేను వేరే పనికి వాడుతున్నాను. డిగ్రీ విద్యార్థులను కోరంగి పరిసరాలలోని ఉప్పుపర్రలకు తీసుకువెళ్ళి, ఏ మొక్క ఎక్కడ ఎందుకు పెరుగుతోందో చూపించేటప్పుడు ఇది నా సంచిలో ఉంటుంది. కాబట్టి ఈ సమీక్ష రొయ్యల చెరువు కోసం కొనేవారికి కొంతవరకే పనికివస్తుంది. మడ అడవికీ మెరక నేలకూ నడుమ, పోటు నీరు అప్పుడప్పుడు మాత్రమే ఎక్కే ఆ బోడి నేలలను, వాటి మీద పాకే కండగల చిన్న మొక్కలను అర్థం చేసుకోవాలనుకునేవారి కోసమే దీనిని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ధరకు ఇంతకంటే మంచి పరికరం లేదు. అయితే చుక్కను ఎక్కడ నుంచి, ఏ నెలలో తీశామన్నది తెలియకపోతే ఇది చూపించే అంకెకు విలువ లేదు.

పెట్టెలో గొట్టంతో పాటు చుక్కలు వేసే ప్లాస్టిక్ పిప్పెట్, చిన్న స్క్రూడ్రైవర్, మెత్తటి గుడ్డ ఉంటాయి. బ్యాటరీ అవసరం లేదు. గొట్టం కొనన ఉన్న పట్టకం మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి చూస్తే పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే ఉప్పు పరిమాణం. నీటిలో ఉప్పు పెరిగే కొద్దీ కాంతి మరికాస్త ఎక్కువగా వంగుతుందన్న చిన్న సూత్రం మీదనే ఇదంతా నడుస్తుంది. 20 డిగ్రీల వద్ద మంచినీటి వక్రీభవన గుణకం, అంటే కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె, 1.3330 అయితే, వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పున్న సముద్రపు నీటిది 1.3394. మూడో దశాంశ స్థానంలో కనిపించే ఈ తేడాను కంటికి కనబడే గీతగా మార్చడమే ఈ పరికరం చేసే పని. కొలత సున్నా నుంచి 100 పి.పి.టి. (వెయ్యి భాగాలకు ఎన్ని భాగాలు అన్న లెక్క) వరకు ఉంటుంది. ఒక పి.పి.టి. అటూ ఇటూ తేడా రావచ్చునని తయారీదారులే చెబుతారు. నా అనుభవంలోనూ ఆ మాట నిజమే.

సున్నాను సరిచూసుకోవడానికి డిస్టిల్డ్ వాటర్ వాడమని కాగితంలో రాసి ఉంటుంది. అది చాలదు. చౌక రకాలలో చాలావాటి కొలమానం అసలు సముద్రపు నీటికి కాక, వట్టి సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీసినది. అటువంటి పరికరం 35 పి.పి.టి. సముద్రపు నీటిని సుమారు 36.5గా చూపిస్తుంది. దీనిని పట్టుకోవడం తేలిక. కాలేజీ ల్యాబ్‌లోని శుద్ధ సోడియం క్లోరైడ్ 3.65 గ్రాములను 96.35 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి చూడండి. గీత 35 మీద నిలిస్తే అది సముద్రపు నీటి కొలమానం, 36.5 మీద నిలిస్తే వట్టి ఉప్పు కొలమానం. హేచరీ నడిపేవారికి ఆ ఒకటిన్నర తేడా ముఖ్యం కావచ్చు. పర్రలో మాత్రం ఒక మొక్క చోటుకూ మరో మొక్క చోటుకూ తేడా పదుల్లో ఉంటుంది కనుక, ఈ లోపాన్ని కారణంగా చూపి రెండింతల ధర పెట్టవలసిన పని లేదన్నది నా అభిప్రాయం.

అసలు చిక్కు చుక్కను ఎక్కడ నుంచి తీయాలన్నది. కాలువ అంచున నిలబడి పోటు నీటిలో పిప్పెట్ ముంచితే వచ్చే అంకె ఆ పూట ఆ కాలువ సంగతే చెబుతుంది. మొక్క తాగేది మట్టి రేణువుల నడుమ ఉండే నీటిని, దాని లెక్క వేరు. గోదావరి గౌతమి పాయలో వరద ఉన్నప్పుడు కాలువలో గీత సున్నాను అంటిపెట్టుకుని ఉంటుంది. అదే రోజు వంద అడుగులు లోపలికి నడిచి, మోచేతి లోతు గుంట తవ్వి, అడుగున ఊరిన నీటిని తీసి చూస్తే గీత పైకి ఎగబాకుతుంది. విద్యార్థులకు ఉప్పుపర్ర అంటే ఏమిటో అర్థమయ్యేది ఆ క్షణంలోనే. ఊరిన నీరు బురదగా ఉంటుంది కాబట్టి నీలం, తెలుపు కలిసే గీత మసకబారుతుంది. వడపోత కాగితం గుండా పోసి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. పెట్టెలో ఇచ్చే పిప్పెట్ ఈ పనికి చాలదు. సన్నని గొట్టం తగిలించిన పెద్ద సిరంజి ఒకటి విడిగా కొనుక్కోవాలి.

ఇలా కాలువ అంచు నుంచి లోపలికి గుంటలు తవ్వుకుంటూ పోతే మొక్కల వరుస దానంతటదే విప్పుకుంటుంది. మంచినీరు తగిలే ఒడ్డున దబ్బగడ్డి ఉంటుంది. పోటు రోజూ తడిపే బురదలో మడ చెట్లు ఉంటాయి. మడ తాగిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది కనుక, ఎండ వేళ ఆకు మీద ఉప్పు రవ్వలు తళుక్కుమంటాయి. మడ దాటాక నేల అరడుగు లేచిన చోట, పున్నమి, అమావాస్యల పెద్ద పోటు మాత్రమే ఎక్కే పర్ర మొదలవుతుంది. అక్కడ ఇలకూర, వంగరెడ్డికూర, ఆకులే లేనట్టు కణుపులు కణుపులుగా పెరిగే సాలికోర్నియా ఉంటాయి. వీటిలో ఉప్పును బయటికి నెట్టే గ్రంథులు లేవు. కణాలలో సంచుల్లా ఉండే రిక్తికలలో ఉప్పును దాచి, దానికి సరిపడా నీటిని పట్టి ఉంచి లావెక్కుతాయి. ఎండలు ముదిరేసరికి బీటలెయిన్ వర్ణకాలు పేరుకుని పర్ర పర్రంతా ఎర్రబారుతుంది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ సాలికోర్నియా నుంచే వృక్ష లవణాన్ని తీసింది. ఇలకూరను ఉడికించి నీళ్ళు వార్చి వండుకోవడం మన తీరంలో కొత్తేమీ కాదు.

ఈ మొక్కలకు ఉప్పంటే ఇష్టమని విద్యార్థులు అనుకుంటారు, పరికరం చూపించే పెద్ద అంకెలు ఆ భ్రమను మరింత పెంచుతాయి. నిజానికి సాలికోర్నియా జాతులు, ఇలకూర చేరిన సువేడా జాతులు బాగా ఏపుగా పెరిగేది సముద్రపు నీటిలో దాదాపు సగం ఉప్పు ఉన్నప్పుడే. ఎక్కువ ఉప్పున్న చోట అవి కనిపించడానికి కారణం అక్కడ వాటితో పోటీపడే మొక్క లేకపోవడం. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎదిగిన మొక్క ఓర్చుకున్నంత ఉప్పును మొలకెత్తే గింజ ఓర్చుకోలేదు. వానలకు పైమట్టి కడుక్కుపోయి ఉప్పు తగ్గిన కొద్ది వారాలలోనే గింజలు మొలకెత్తుతాయి. అందువల్ల మే నెలలో 90 చూపించిన గీతను ఫోటో తీసుకుని సంబరపడటం కన్నా, అక్టోబరులో అదే గుంటలో గీత ఎంతకు దిగిందో చూడటం ఎక్కువ విలువైన పని. ఒక్కసారి వాడి పక్కన పెట్టేవారు ఈ పరికరం కొనడం దండగ.

మేలో మరో రెండు ఇబ్బందులు ఉన్నాయి. పెట్టె మీద గొప్పగా అచ్చువేసే ఉష్ణోగ్రత సవరణ 10 నుంచి 30 డిగ్రీల మధ్యనే పనిచేస్తుంది. కాకినాడ తీరంలో వేసవి పగలు నీడలోనే 30 దాటుతుంది, ఎండలో పట్టుకున్న లోహపు గొట్టం సంగతి చెప్పనే అక్కరలేదు. తెల్లవారుజామున వెళ్ళడం, గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచడం, చుక్క వేశాక అర నిమిషం ఆగి చదవడం తప్ప మార్గం లేదు. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఆ కాలంలో చాలా గుంటలలో నీరే ఊరదు. పొడి మట్టిని తెచ్చి, ఒక వంతు మట్టికి ఐదు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలుద్దామంటే గీత రెండు మూడు అంకెల దగ్గరే ఆగుతుంది. అంత చిన్న అంకెలో ఒకటి తేడా వస్తే, తిరిగి లెక్కకట్టేటప్పుడు ఆ తప్పు ఎన్నో రెట్లవుతుంది. ఆ పనికి విద్యుత్ వాహకతను కొలిచే మీటరే కావాలి. తాగునీటి కోసం అమ్మే టీడీఎస్ పెన్నులు మాత్రం ఉప్పునీటిలో ముంచగానే చేతులెత్తేస్తాయి, వాటి జోలికి పోవద్దు. నీరు ఊరినప్పుడు ఉప్పు 100 గీతను దాటితే, దానికి సమాన బరువు డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకుంటే సరిపోతుంది.

ఇన్ని పరిమితులున్నా ఈ గొట్టాన్ని నేను వదలకపోవడానికి కారణం గట్లు. తీరంలో మనిషి చేసిన మార్పును ఇంత చౌకగా చూపే సాధనం మరొకటి లేదు. 1990ల తొలి సంవత్సరాలలో టైగర్ రొయ్యల కోసం పర్రలను చెరువులుగా తవ్వారు. ఆ దశాబ్దం నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చాక వాటిలో చాలావాటిని వదిలేశారు. చెరువు పోయినా గట్టు మిగిలింది. గట్టుకు ఇవతల పోటు తగిలే గుంటలోనూ, అవతల పోటు రాని గుంటలోనూ ఒకే పూట నీరు తీసి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. బయటి నేలను పోటు వచ్చినప్పుడల్లా కడుగుతుంది. లోపలి నేలలో వానకు కొంత దిగిన ఉప్పు ఎండకు మళ్ళీ పైకి పేరుకుంటుంది. లోపల ఇలకూర ఒక్కటే పలచగా మిగులుతుంది, గట్టు మీద సర్కారు తుమ్మ అల్లుకుంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి కృష్ణా, గోదావరి డెల్టాలలో చేప ముల్లు ఆకారంలో తవ్వించిన కాలువల వెనుక ఉన్న తర్కం ఇదే. పోటు నీటికి దారి ఇస్తే నిలిచిపోయిన ఉప్పు కడుక్కుపోతుంది, అప్పుడు నాటిన మడ బతుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బోడిగా కనిపించే ప్రతి నేలా పాడైన మడ అడవి కాదు. గట్టు వల్ల ఉప్పెక్కిన నేల వేరు, సహజంగానే ఎత్తుగా ఉండి ఏ కాలంలోనూ మడ లేని పర్ర వేరు. రెండో దానిలో కాలువ తవ్వి మడ నాటడం అంటే, ఒక సహజ వృక్షసముదాయాన్ని చెరిపి మరొకటి పెట్టడమే. ఉప్పుపర్రలను 2011, 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) ప్రకటనలు రెండూ సున్నితమైన ప్రాంతాల జాబితాలో చేర్చాయి. అయినా మన వాడుకలో అవి ఇంకా బంజరు భూములే. ఏడాది పొడవునా తీసిన అంకెలుంటే ఈ రెండింటినీ వేరు చేయడం తేలికవుతుంది. గట్టు లేని చోట కూడా వేసవిలో ఉప్పు పెరిగి వానలకు దిగి, ఏటా అవే మొక్కలు మొలుస్తుంటే ఆ పర్ర ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఈ పరికరం చూపలేనిది నేల ఎత్తు. వాతావరణ మార్పు పర్రను తాకేది మొదట అక్కడే. 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం ఏటా సుమారు 3.3 మి.మీ. చొప్పున పెరిగింది. నది ఒండ్రు తెచ్చి పోస్తూ ఉంటే పర్ర కూడా దానితో పాటే లేవగలదు. కానీ గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970–79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 2000–06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువ జలాశయాలలో అది ఆగిపోతోంది. నీరు లేచి నేల లేవకపోతే పర్ర మొక్కలు వెనక్కి, మెరక వైపు జరగాలి. అక్కడ చెరువు గట్టో, రోడ్డో, ఇళ్ళ స్థలాల లేఅవుట్టో అడ్డు నిలుస్తుంది. ఆ స్థితిలో ఉన్న పర్రలో గీత అంతకు ముందు సంవత్సరం ఎంత చూపిందో ఈ ఏడాదీ అంతే చూపవచ్చు. మడ మొలకలు ఇలకూర మధ్యకు ఎన్ని గజాలు చొచ్చుకొచ్చాయో మాత్రం మేకులు పాతి, టేపుతో కొలుచుకోవలసిందే. ఉప్పు అంకెతో పాటు ఈ దూరాన్ని కూడా ఒకే పుస్తకంలో రాసుకునేవారికి పరికరం ఇచ్చిన ధరకు రెట్టింపు పనిచేస్తుంది.

కొనేటప్పుడు దుకాణంలోనే డిస్టిల్డ్ వాటర్ అడిగి చుక్క వేసి చూడండి. గీత సన్నగా, ఒకే అంకె మీద నిలవాలి. రంగుల చారలుగా విడిపోతే ఆ గొట్టం వద్దని చెప్పండి. ద్రాక్షతోటల వాళ్ళకు అమ్మే తీపి కొలిచే రకం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి, లోపలి కొలమానంలో పి.పి.టి. గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. మొదట పాడయ్యేది పట్టకం మీది ప్లాస్టిక్ మూత కీలు. దానికి విడిగా సామాను దొరకదు, మూత ఊడిపోతే పలుచని ప్లాస్టిక్ పలకను చేత్తో అదిమి పట్టుకుని వాడుకోవచ్చు. ప్రతి గుంటకూ మధ్య పట్టకాన్ని మంచినీటితో కడిగి తుడవాలి. ఎండిన ఉప్పు మీద మరో చుక్క పడితే తరువాతి అంకె తప్పుగా వస్తుంది, ఇసుక రేణువు మీద గుడ్డ రుద్దితే గాజు గీరుకుపోతుంది.