గుర్రపు డెక్కకు మందు కొట్టించాలా, పీకించాలా? చెరువులో చేప పోసినవాళ్ళకు ఏది మేలు

చెరువు నిండా గుర్రపు డెక్క పట్టిందంటే చేపల సంఘం వాళ్ళ ఇళ్ళల్లో ఒకటే చర్చ. కలుపు మందు కొట్టిద్దామా, కూలీలను పెట్టి పీకిద్దామా? మందు చవక, రెండు రోజుల్లో పని అయిపోతుంది. పీకించడమంటే ఖర్చు, చాకిరీ, నెల పట్టినా తెమలదు. ఇంతవరకే చూస్తే మందే నయం అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో చేపను ఎవరూ వెయ్యలేదు.

మా ఊరి చెరువులో ఒక ఏడాది మందు కొట్టించారు. ఏప్రిల్ నెల. నీళ్ళు సగానికి తగ్గాయి, ఉన్న నీళ్ళు కూడా కనిపించనంతగా డెక్క కమ్మేసింది. వారం తిరిగేసరికి ఆకులు మెలికలు తిరిగి, పసుపుబారి, కాడలు వాలిపోయాయి. అందరం సంబరపడ్డాం. మూడో వారానికి అదంతా గోధుమరంగు గుజ్జులా మారి మునగడం మొదలైంది. ఆ వారమే ఒక రాత్రి మబ్బు పట్టింది, ఆకు కదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి కట్ట మీదికి వెళ్ళిన మా బాబాయి ఫోన్ చేశాడు. "చేప తలలెత్తిందిరా, తొందరగా రా" అన్నాడు. నేను వెళ్ళేసరికి బొచ్చెలు నీటి పైన నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. పొద్దెక్కేసరికి కట్ట వెంబడి తెల్లగా తేలాయి.

ఆ రోజు చచ్చిన చేపలను ఏరుతున్నప్పుడు ఒకటి గమనించాను. తేలినవన్నీ పెద్దవే. రెండు కిలోల బొచ్చె, కిలోన్నర రవ్వ. వేలెడంత పిల్లలు చాలావరకు బతికే ఉన్నాయి. కొర్రమీను, మార్పు చేప ఒక్కటీ తేలలేదు. మందు విషం వల్లే పోయి ఉంటే మామూలుగా చిన్న పిల్లలే ముందు పోతాయి. పెద్ద చేప ముందు పోయిందంటే ఊపిరాడక పోయిందని గుర్తు. పెద్ద ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కొర్రమీను, మార్పు పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి గట్టెక్కాయి.

మందు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే. సరైన మందు, సరైన మోతాదులో కొడితే అది చేపను నేరుగా చంపడం తక్కువ. మందుకు చచ్చిన గడ్డి కుళ్ళుతూ నీళ్ళల్లోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, చేపను చంపేది అదే. అందుకే నేను ఏ పద్ధతి విన్నా ముందు ఒకటే అడుగుతాను. చచ్చిన గడ్డి ఎక్కడికి పోతుంది?

బొచ్చె, రవ్వ లాంటి చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే హాయి. 3కు దిగితే మేత మానేస్తాయి, ఇంకా దిగితే తలలెత్తుతాయి. 20 డిగ్రీల చల్లటి నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. అంటే ఎండాకాలంలో మొదలే తక్కువ, పైగా ఆ వేడికి గడ్డి కూడా తొందరగా కుళ్ళుతుంది. రాత్రిపూట నీళ్ళల్లోని పాచి ఆక్సిజన్‌ను తయారుచేయదు, తనే వాడుకుంటుంది. అందుకే చేప తలలెత్తేది ఎప్పుడూ తెల్లవారుజామునే.

అలాగని డెక్కను వదిలేస్తే చేప బాగుంటుందా? ఉండదు. మూతలా కప్పేసిన డెక్క కింద వెలుతురు పడదు, గాలి తగలదు, అక్కడా ఆక్సిజన్ పడిపోతుంది. తెప్ప కదలదు, విసురు వల వేస్తే నీళ్ళ మీద కాక ఆకుల మీద పడుతుంది. అనువైన చోట రెండు వారాల్లోపే రెట్టింపయ్యే మొక్క ఇది. ఏదో ఒకటి చెయ్యక తప్పదు.

ముందు మందు సంగతి

అన్ని మందులూ ఒకటి కావు. డెక్కకు ఎక్కువగా వాడేది టూ-ఫోర్-డీ. ఇందులో అమైన్ సాల్ట్ రకం చేపకు కాస్త నయం, ఎస్టర్ రకం చాలా ఎక్కువ ప్రమాదం. డబ్బా మీద ఆ ఒక్క మాట చూడకుండా కొట్టేవాళ్ళను నేను చూశాను. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు విషయంలో అసలు మందు కన్నా ఆకుకు అంటుకోవడానికి అందులో కలిపే సబ్బు లాంటి పదార్థం చేపకూ కప్ప పిల్లలకూ ఎక్కువ హాని చేస్తుంది. పొలానికి కొట్టే డబ్బా తెచ్చి చెరువులో పొయ్యకూడదని చెప్పేది అందుకే. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. పారాక్వాట్ అనే కలుపు మందు జోలికి అసలు వెళ్ళొద్దు. మనిషి నోట్లోకి పోతే దానికి విరుగుడు మందు లేదు. పాచికి వేసే మైలుతుత్తం గురించీ ఒక మాట. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్ళల్లో అది చేపకు అంతగా ఎక్కదు. అవి తక్కువున్న మెత్తటి నీళ్ళల్లో అదే మోతాదు చేపను చంపగలదు.

మన చెరువులకు ఇంకో చిక్కుంది. ఇవి చేపల కోసమే తవ్వినవి కావు. కింద ఆయకట్టు ఉంది. టూ-ఫోర్-డీ వరికి పెద్దగా హాని చేయదు గానీ పత్తి, టమాటా, మిరప దాని వాసన తగిలినా ముడుచుకుపోతాయి. తూము తెరిచి ఉండగా కొట్టినా, గాలి అటు వీచినా చేపల వాళ్ళకూ రైతులకూ గొడవే. గొర్రెలు, బర్రెలు తాగేదీ ఆ నీళ్ళే.

ఇక మన ప్రశ్న. మందుకు చచ్చిన గడ్డి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. చెరువు అడుక్కే పోతుంది. అది బురదవుతుంది, అందులోని నత్రజని, భాస్వరం మళ్ళీ నీళ్ళల్లో కలుస్తాయి, వాటితో పాచి పడుతుంది, లేదంటే మళ్ళీ డెక్కే మొలుస్తుంది. డెక్క విత్తనం బురదలో 15 ఏళ్ళకు పైగా బతికుంటుంది. చెరువులోంచి ఏదీ బయటికి పోలేదు కాబట్టి చవకని కొట్టించిన మందు మళ్ళీ మళ్ళీ కొట్టించాల్సి వస్తుంది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఏళ్ళ తరబడి సరస్సులకు మందు కొడుతూ వచ్చింది. చేపలు నిలిచే గడ్డి పోతోంది, అడుగున బురద పేరుకుపోతోంది అని గాలం వేసేవాళ్ళు గట్టిగా అడగడంతో 2019 జనవరిలో అక్కడి వన్యప్రాణి శాఖ మందు కొట్టడం ఆపి, జనం మాట వినడానికి సమావేశాలు పెట్టింది. మార్చిలో మళ్ళీ మొదలుపెట్టింది. పూర్తిగా ఆపితే డెక్క మింగేస్తుందని శాఖ వాళ్ళ భయం. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. కానీ వేల ఎకరాల సరస్సు వేరు, మన నలభై ఎకరాల చెరువు వేరు. వాళ్ళు చెయ్యలేనిది మనం చెయ్యగలం.

పీకించడం

చెయ్యగలం అన్నానే గానీ చిన్న పని కాదు. బాగా పట్టిన డెక్క హెక్టారుకు 200 టన్నులు దాటుతుంది. అందులో నూటికి 90 పాళ్ళకు పైగా నీళ్ళే, కానీ మోసేది ఆ నీళ్ళతో కలిపే కదా. పదెకరాల మేర, అంటే నాలుగు హెక్టార్లు పట్టిందనుకోండి, 800 టన్నులు. ట్రాక్టరుకు మూడు టన్నుల లెక్కన దాదాపు 270 ట్రిప్పులు. ఈ లెక్క వేసుకోకుండా నాలుగు రోజులకు కూలీలను మాట్లాడుకున్న సంఘాలు సగంలో వదిలేసి మందు దగ్గరికి పోతాయి.

కానీ ఆ 270 ట్రిప్పులూ చెరువులోంచి బయటికి పోయినవి. కుళ్ళేది గట్టు మీద కుళ్ళుతుంది, చేప దగ్గర కాదు. గట్టుకు ఆనుకుని పోస్తే మాత్రం మొదటి వానకే సగం చెరువులోకి వచ్చేస్తుంది. నాలుగు గజాలు అవతల గుంట తీసి పేడతో కలిపి ఎరువు చేసుకుంటే పొలానికి పనికొస్తుంది. డెక్కను నీళ్ళల్లోంచి లాగేటప్పుడు ఒకసారి వేర్లు చూడండి. నల్లటి ఈకల్లాంటి ఆ వేర్లలో రొయ్య పిల్లలు, చేప పిల్లలు, నత్తలు గుత్తులుగా ఉంటాయి. నీళ్ళ మీదే రెండు సార్లు జాడించి పైకెత్తితే అవి చెరువులోనే ఉండిపోతాయి. మిషన్‌తో ఎత్తితే అవి కూడా గట్టెక్కిపోతాయి. అయినా లోతు నీళ్ళల్లో మనిషి దిగలేని చోట మిషన్ తప్పదు.

ఇంకో మాట. మొత్తం పీకేయకండి. కొర్రమీను గడ్డి మధ్యే గూడు కట్టుకుంటుంది, పిల్లలను అక్కడే సాకుతుంది. ఒక మూల కాస్త జమ్మో, తామరో వదలండి. డెక్క మాత్రం తాడు కట్టి ఆపినా వ్యాపిస్తుంది, దాన్ని దాచిపెట్టుకోవద్దు.

గడ్డి చేప, పురుగు

నీళ్ళ లోపల పెరిగే నాచుకైతే నా ఓటు గడ్డి చేపకే (గ్రాస్ కార్ప్). 1959లో హాంకాంగ్ నుంచి కటక్‌కు తెచ్చిన చేప ఇది. రోజుకు దాదాపు తన ఒంటి బరువంత గడ్డి తినగలదు. చచ్చిన గడ్డి ఎక్కడికి పోతుందంటే చేప కడుపులోకి, అక్కడి నుంచి సంతకు. కానీ గుర్రపు డెక్కను అది పట్టించుకోదు. డెక్కకు విరుగుడని గడ్డి చేప పిల్లలను పోసి ఎదురుచూస్తే డబ్బు దండగ. నాచు ఉన్నా సరే, కొలత మించి పోస్తే ప్రమాదమే. టెక్సాస్‌లోని కాన్రో సరస్సులో 1981-82లో 2,70,000 గడ్డి చేపలను వదిలితే 1983 నాటికి నీటి లోపలి మొక్క ఒక్కటి మిగల్లేదు. గడ్డిని నమ్ముకున్న చేపలకు నిలువ నీడ పోయింది. మన దగ్గర ఇంకో జాగ్రత్త, మరీ చిన్న పిల్లలను వదిలితే కొర్రమీనులు ఒక్కదాన్నీ ఉంచవు. జానెడు పెరిగాక వదలాలి.

డెక్కను తినే ముక్కు పురుగులు కూడా ఉన్నాయి. 1980ల్లో బెంగళూరులో మొదలుపెట్టి మన దేశంలో వదిలారు. ఆకు మీద గోరుతో గీరినట్టు చిన్న చిన్న మచ్చలు కనిపిస్తే అవి ఉన్నట్టే, పిల్ల పురుగులు కాడలోకి తొలుచుకుపోతాయి. విక్టోరియా సరస్సులో ఉగాండా వైపు 1995లో వీటిని వదిలితే మూడు నాలుగేళ్ళకు డెక్క బాగా తగ్గింది, 1997-98 ఎల్‌నినో వానలు, అలలు కూడా సాయపడ్డాయి. తర్వాత కొన్ని చోట్ల డెక్క తిరిగొచ్చింది. డెక్క మెల్లగా తగ్గుతుంది కాబట్టి చేపకు ఊపిరి కష్టం రాదు. కానీ ఈ ఏడు కౌలు కట్టిన సంఘానికి నాలుగేళ్ళ తర్వాత వచ్చే ఫలితం ఏం ఆసరా? అయినా వదిలి ఉంచడం మంచిదే. ఒక్కటి గుర్తుంచుకోవాలి, చెరువంతా మందు కొడితే పురుగుకు తిండి పోయి అదీ పోతుంది.

మరి ఏది మేలు?

చేప ఉన్న చెరువుకు పీకించడమే. చేప పట్టేశాక మే నెలాఖరున నీళ్ళు అడుగంటినప్పుడు అయితే ఇంకా మేలు. అప్పుడు ట్రాక్టరు శిఖం దాకా దిగుతుంది, ఖర్చు తగ్గుతుంది. వానలకు ముందే వాగు నీళ్ళు చెరువులో కలిసే చోట ఖాళీ డబ్బాలకు వల కట్టి అడ్డం పెడితే పై చెరువు డెక్క మన దాంట్లోకి కొట్టుకురాదు. ఊరి మురుగు కలుస్తుంటే ఏ పద్ధతీ ఎక్కువ కాలం నిలవదు, పంచాయతీతో ముందు ఆ పని చూడాలి.

మందు తప్పదనుకుంటే చేప పట్టిన తర్వాతే. చేప ఉండగా కొట్టాల్సి వస్తే ఎండాకాలంలో వద్దు, చెరువు నిండి నీళ్ళు చల్లబడ్డాక. ఒకేసారి మొత్తం వద్దు, మూడో వంతు కొట్టి రెండు వారాలు ఆగాలి. కట్ట వైపు నుంచి లోపలికి కొట్టుకుంటూ పోతే చేప అవతలికి తప్పుకుంటుంది. తూము మూసి, కింది రైతులకు ముందు రోజే చెప్పాలి. చచ్చిన డెక్క మునగకముందే వీలైనంత లాగేయాలి. ఆ మూడు వారాలు ఎవరో ఒకరు తెల్లవారుజామున నాలుగింటికి కట్ట మీద ఉండాలి. చేప తలలెత్తితే వెంటనే మోటారుతో నీళ్ళు తోడి పైనుంచి ధారగా పొయ్యాలి.

మా చెరువులో ఆ ఏడు తర్వాత మందు కొట్టలేదు. సంఘంలో ప్రతి ఇంటి నుంచి ఒకరు వారానికి ఒక పూట దిగుతారు. రాని ఇంటి వాళ్ళు కూలీ డబ్బు కడతారు. బాబాయి ఇప్పటికీ తెప్ప మీద కూర్చుని కొడవలి కట్టిన వెదురుతో డెక్కను తన వైపు లాగి, రెండు సార్లు జాడించి పక్కన పడేస్తాడు.