ఆవిరి బండ్లతో ఏడాదిన్నర

నేను ఆడే డ్రైవింగ్ గేమ్‌లో ఆవిరి బండ్లు వచ్చి ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచి నేను వేరే బండి ముట్టుకోలేదు. మాది మిర్యాలగూడ. నాన్న ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో మండే బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. అందుకే ఆవిరి విషయంలో మా ఇంట్లో పట్టింపు కాస్త ఎక్కువ.

తాళం తిప్పగానే కదిలే బండ్లు కావివి. బొగ్గు లారీలో మంట రాజేసి, ప్రెషర్ ముల్లు పైకి వచ్చేదాకా ఆగాలి. కాలాన్ని ముందుకు జరిపే మీట ఉంది కానీ నేను వాడను. బయలుదేరే ముందు సిలిండర్లలోని నీరు బయటికి పోయే డ్రెయిన్ కాక్‌లు తెరవాలి. చల్లని సిలిండర్‌లో ఆవిరి నీరవుతుంది, నీరు పిస్టన్‌కు లొంగదు. మొదటి వారం ఈ సంగతి మరిచి సిలిండర్ మూత పగలగొట్టాను. గేమ్ ఇంత లోతుగా ఆలోచించినందుకు సంతోషం వేసింది.

గేమ్‌లోని ఆవిరి కారుకు క్లచ్ లేదు, మార్చే గేర్లు లేవు. పెట్రోలు ఇంజను తిరుగుతుంటేనే బలం ఇస్తుంది. ఆవిరి అలా కాదు, చక్రం ఆగి ఉన్నా పిస్టన్‌ను నిండు బలంతో తోస్తుంది. 1906లో ఫ్లోరిడా తీరంలో స్టాన్లీ ఆవిరి కారు గంటకు 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ కాలపు కారు ఎలా దూసుకుపోయేదో ఇక్కడ చేతికి తెలుస్తుంది.

అసలు పరీక్ష ఘాట్ రోడ్డు. కదిలాక కటాఫ్ (సిలిండర్‌లోకి ఆవిరి ఆగిపోయే చోటు) తగ్గించి, పిస్టన్ దారిలో కొంతవరకే ఆవిరిని వదిలి మిగతా దూరం అది వ్యాకోచించేలా చూడాలి. తగ్గించకపోతే సగం ఎత్తులోనే ప్రెషర్ అయిపోతుంది. ఒకసారి పైకి రెండు మలుపులు ఉందనగా లారీ ఆగిపోయింది. పక్కన కూర్చున్న నాన్న, "ఎక్కుడు కనబడ్డాక బొగ్గు వేస్తే ఏం లాభంరా, అరగంట ముందే వేసుకోవాలి" అన్నారు. నిజమే, అప్పటి నుంచి మ్యాప్‌లో ఎత్తుపల్లాలు చూసుకోకుండా బయలుదేరడం లేదు.

పెద్ద లోపం ఒకటుంది. దాన్ని కూడా నాన్నే పట్టారు. అడ్డంగా పడుకున్న బాయిలర్ ఉన్న ట్రాక్షన్ ఇంజనుతో (బరువులు లాగే ఆవిరి బండి) ఘాట్ దిగుతుంటే, బాయిలర్‌లో నీరెంతుందో చూపే గేజ్ గ్లాసులో మట్టం అంగుళం కూడా కదలలేదు. దిగుడులో నీరు ముందుకు పోతుంది. వెనక మంట మండే ఫైర్‌బాక్స్ పైకప్పు నీటిలోంచి బయటపడుతుంది, దానికి రక్షణగా బిగించిన సీసపు ప్లగ్ కరుగుతుంది. డ్రైవరు అన్నిటికంటే భయపడాల్సింది దానికే. గేమ్‌లో ఆ భయం లేదు. నిలువు బాయిలర్ ఉన్న లారీలో ఈ తేడా అంతగా తెలియదు కనుక కొత్తవారు దానితో మొదలుపెట్టడం మేలు.

కీబోర్డు మాత్రం వద్దు. సిలిండర్‌కు ఆవిరి వదిలే రెగ్యులేటర్‌ను కొద్దికొద్దిగా తెరవడం దానితో కుదరదు. ఒక్కసారిగా తెరిస్తే బాయిలర్ నీరు ఆవిరితో పాటు సిలిండర్‌లోకి కొట్టుకొస్తుంది. నేను పాత స్టీరింగ్ సెట్ కొన్నాకే ఈ బండ్లు నాకు లొంగాయి.