ఫిలడెల్ఫియాలో మౌన ప్రార్థన: మేం చూసిన మూడు చోట్లు

ఫిలడెల్ఫియా వెళ్లిన మనవాళ్లు చాలామంది లిబర్టీ బెల్ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరంలోనే ఆర్చ్ స్ట్రీట్ మీటింగ్ హౌస్ ఉంది. 1701లో పెన్సిల్వేనియా స్థాపకుడు విలియం పెన్ శ్మశానం కోసం ఇచ్చిన స్థలంలో క్వేకర్లు (మౌనంగా కూర్చుని ప్రార్థించే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) 1804లో కట్టుకున్న ఇటుక భవనం. కారులో వెళ్లకండి, ఆ చుట్టుపక్కల పార్కింగ్‌కి జేబు ఖాళీ అవుతుంది. ఊళ్లో తిరిగే సెప్టా రైలే మేలు.

మామూలు రోజుల్లో అది మ్యూజియంలా ఉంటుంది. ఆదివారం పొద్దున వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది. శిలువ లేదు, పాస్టర్ లేడు, పాటలు లేవు. పొడుగాటి చెక్క బల్లల మీద అందరూ ఊరికే కూర్చుంటారు. "ఎవరూ ఏమీ చదవరా?" అని మా అత్తయ్య చెవిలో అడిగింది. చదవరు. ఎవరికైనా లోపల్నించి మాట వస్తే లేచి చెప్తారు. ఆ రోజు చాలాసేపటికి ఒక పెద్దావిడ ముందు బల్ల పట్టుకుని లేచి, చెల్లెలితో తెగిపోయిన మాటల గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. ఎవరూ జవాబివ్వలేదు, ఓదార్చలేదు. బల్ల కిర్రుమన్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాకు మొదట ఇబ్బందిగా అనిపించింది గానీ, వినడమంటే అదేనేమో. గంట కాగానే పక్కవాళ్లతో చేతులు కలిపారు, అయిపోయింది.

రాత్రి ఉండాలంటే నా ఓటు ఫిలడెల్ఫియా శివారు వాలింగ్‌ఫర్డ్‌లోని పెండిల్ హిల్‌కే. 1930లో మొదలైన క్వేకర్ల కేంద్రం. గదుల్లో హోటల్ హంగులు ఆశించొద్దు, కొన్నిటికి బాత్రూమ్ ఉమ్మడి. అందరితో కలిసి భోజనం. శాకాహారం దొరుకుతుంది, కారం మాత్రం ఉండదు, పచ్చడి సీసా పట్టుకెళ్లండి. రోజూ పొద్దున 'బార్న్' అనే భవనంలో జరిగే మౌన ప్రార్థనకి ఎవరైనా వెళ్లొచ్చు. ఆర్చ్ స్ట్రీట్‌లో టూరిస్టునన్న స్పృహ పోలేదు, ఇక్కడ పోయింది.

మూడోది, ఫిలడెల్ఫియాలోనే చెస్ట్‌నట్ హిల్ మీటింగ్ హౌస్. అక్కడ వెలుగుతో కళాకృతులు చేసే జేమ్స్ టరెల్ చేసిన స్కైస్పేస్ ఉంది, 2013 నాటిది. కప్పు తెరుచుకుని, సాయంత్రం ఆకాశం రంగులు మారుతుంటే చూడటం. అందంగానే ఉంది గానీ అది ప్రదర్శన. పిల్లలతో వెళ్లేవాళ్లకి మూడింటిలో ఇదే సులువు. ముందుగా బుక్ చేసుకోండి, వాన పడితే కప్పు తెరవరు.